డొల్ల గోడ మర్మం

"రామ్మోహనూ, ఈ భిలాయిలో నేరం ఏ మూల జరిగినా దాని వాసన ముందు నా ముక్కుకే తగుల్తాది. పోలీసుల వంతు ఆ తరవాతే. ఇది గొప్ప కోసం చెప్తన్న మాట కాదు, ఉన్న సంగతి."

గురునాథరావు ఈ ప్రకటన చేసే సమయానికి ఆ ముక్కు కొన మీద ఉప్మాలోని ఆవగింజ ఒకటి అంటుకుని ఉంది. దాని వాసన మాత్రం ఆ ముక్కుకి తగిలినట్టు లేదు. రామమోహనరావు చెబుదామనుకున్నాడు గాని, అపరాధ పరిశోధన మీద ఉపన్యాసం నడుస్తుండగా ఆవగింజ గురించి మాట్లాడితే బాగుండదని ఊరుకున్నాడు.

గురునాథరావు స్టీల్ ప్లాంటు టైమాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. "ముప్పై నాలుగేళ్లు హాజరు పట్టీలు దిద్దిన కళ్లివి. సంతకం చూసి మనిషి మనసులో ఏముందో చెప్తాను," అంటాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఆయన పట్టుకున్న దొంగ హాజరు ఒక్కటే. విచారణ జరిపిస్తే, సెలవు మీద ఉండి కూడా అలవాటుకొద్దీ వచ్చి సంతకం పెట్టేసింది స్వయంగా ఆయనేనని తేలింది. రిటైరయ్యాక విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాడు. 'గురునాథరావు, పరిశోధకుడు. ఎంతటి రహస్యమైనా ఛేదించబడును.' కార్డు పుచ్చుకున్న మొదటి మనిషి వెనక వీధి మణిమాల. ఆవిడ పిల్లి కనబడకుండా పోయింది. మూడు రోజులు దర్యాప్తు చేసి, అది అంతర్రాష్ట్ర ముఠా పనేననీ, పిల్లి ఈపాటికి పక్క ఊరు కుమ్హారి దాటేసి ఉంటుందనీ తేల్చాడు. నాలుగో రోజు ఆ పిల్లి గురునాథరావు ఇంటి అటక మీదే నాలుగు పిల్లల్ని పెట్టింది.

అలాంటి మేధావికి రోజూ ఉదయం ఉప్మా పెట్టే భాగ్యం రామమోహనరావుకి ఎందుకు దక్కిందంటే, ఆయనకి ఎవర్నీ వద్దనలేని జబ్బుంది. ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో నక్షాలు గీస్తూ ముప్పై ఐదేళ్లు తలవంచుకు కూర్చున్న మనిషి. ఆ వంగిన తల ఇంకా పూర్తిగా లేవలేదు.

ఆ రోజు మాత్రం ఆయన మనసు పరిశోధనల మీద లేదు. హాల్లో గోడ మీద ఉంది. ముందురోజు టీవీలో వార్తలు చూస్తుండగా ఆ గోడ నుంచి చపాతీ అంత పెచ్చు ఊడి ఆయన ఒళ్లో పడింది.

నెహ్రూ నగర్‌లోని ఆ ఇంటికి ఒక విశేషం ఉంది. అది ఒంటరి ఇల్లు కాదు. రామమోహనరావూ, ఆయనతో పనిచేసిన లక్ష్మీప్రసాదూ ముప్పై రెండేళ్ల క్రితం పక్కపక్కన స్థలాలు కొని, నడిమి గోడ ఒకటే పెట్టుకుని రెండిళ్లూ కట్టుకున్నారు. లక్ష్మీప్రసాద్ పోయి ఆరేళ్లయింది. ఆయన భార్య జ్ఞానప్రసూన, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, అటు ఇంట్లో ఉంటోంది. ఆవిడా, రామమోహనరావు భార్య కుముదినీ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. పొద్దున్న ఆరింటికి కలిసే వాకింగు. ఊరంతా ఎరిగిన జంట.

పోయిన వానాకాలంలో హాల్లో కనబడే ఆ నడిమి గోడకి చెమ్మ పట్టింది. రామమోహనరావు కళ్లజోడు సవరించుకుని, "నీళ్లు అవతల బాత్రూమ్ నుంచే వస్తన్నాయి. ఇంకెక్కణ్ణుంచి వస్తాయి?" అని నక్షా గీసేవాడి ధీమాతో తీర్పు చెప్పాడు. కుముదిని వెళ్లి ఆ మాట అంది. "మా బాత్రూమ్ గోడ అద్దంలా ఉంది, మీ వైపే చూసుకోండి," అంది జ్ఞానప్రసూన. మాట మీద మాట పెరిగింది. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు కుముదిని ఆరింటికి నడుస్తోంది, జ్ఞానప్రసూన ఆరున్నరకి నడుస్తోంది. వానలు పోయాయి, చలికాలం పోయింది, మార్చి వచ్చింది. చెమ్మ మాత్రం పోలేదు. రామమోహనరావు రెండుసార్లు పుట్టీ కొని తనే పూశాడు. రెండుసార్లూ ఊడింది.

అందుకే కుముదిని ఈసారి దుర్గారావు మేస్త్రీని పిలిపించింది.

దుర్గారావు నలభై ఐదేళ్ల మనిషి. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, ఇతను ఇక్కడే పుట్టాడు. చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికొచ్చి, "నమస్తే సార్. సీలన్ పట్టిన దీవార్, అదే చెమ్మ గోడ, ఇదేనా?" అన్నాడు. సంచీలోంచి పనిముట్లేవీ తీయలేదు. గోడకి చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టాడు. టక్ టక్ అంది. రెండడుగులు జరిగి మళ్లీ తట్టాడు. డబ్ డబ్ అంది.

గురునాథరావు చెంచా గాల్లోనే ఆగిపోయింది. "ఏటి చేస్తన్నాడు?" అన్నాడు గుసగుసగా.

"గోడ తడతన్నాడు."

"అది నాకూ కనపడతంది. ఎందుకు తడతన్నాడు? గోడ లోపల ఏటుందో వెతుకుతన్నాడు. రామ్మోహనూ, నీ గోడలో ఏదో ఉంది. నీకు తెలీదు, వాడికి తెల్సు."

దుర్గారావు ఇటు తిరిగి, "ఇదిగో సార్, ఈ మూల గట్టిగా ఉంది. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా డొల్ల. పైకి బాగానే ఉన్నట్టు కనపడతాది, లోపల ఇటికని ఎప్పుడో వదిలేసింది. తట్టి చూస్తేగాని తెలీదు," అన్నాడు.

"కొంతమంది మనుషులూ అంతే," అంది కుముదిని, గురునాథరావు పళ్లెంలో ఇంకాస్త ఉప్మా వడ్డిస్తూ.

గోడ పొడుగునా అలా తట్టుకుంటూ పోయి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు దుర్గారావు. గట్టిగా ఉన్నచోట ఇంటూ పెట్టాడు. చీలిక ఏ వైపు పాకుతోందో బాణం గుర్తేశాడు. అతను చేతులు కడుక్కోడానికి వెళ్లగానే గురునాథరావు నోటుబుక్కు తీసి ఆ గుర్తులన్నీ ఎక్కించేసుకున్నాడు. చేతిలో భూతద్దం కూడా ఉంది. గీతలు ఆరడుగుల దూరం నుంచి చూసినా కనపడేంత పెద్దవి.

"ఇది సంకేత భాష," అన్నాడు. "సున్నా అంటే లాకరు. ఇంటూ అంటే ప్రమాదం. బాణం చూడు, వంటింటి వైపుంది. అంటే ఏటన్నమాట?"

"వంటింట్లో లాకరుందా?" అన్నాడు రామమోహనరావు.

"లేదని నువ్వనుకుంటన్నావు. అదే వాళ్లకి కావాలి."

మర్నాడు దుర్గారావు సోఫా మీదా టీవీ మీదా పాత దుప్పట్లు కప్పి, గోడ మీద తెల్లగా పువ్వులా పూసిన పొరని పొడి బ్రష్షుతో రాలగొట్టడం మొదలెట్టాడు. కింద న్యూస్ పేపరు పరిచాడు. తడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది కదా అని కుముదిని అడిగితే, "వద్దమ్మా. ఇది ఇటికలోంచి వచ్చిన ఉప్పు. తడిపితే కరిగి మళ్లీ లోపలికే పోతాది. పొడిగా దులిపి బయట పారెయ్యాలి. మొక్కల్లో వెయ్యకండి, చచ్చిపోతాయి," అన్నాడు. రాలిన పొడిని ఓ ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి గుమ్మం పక్కన పెట్టాడు.

పది నిమిషాల తరవాత ఆ మూట అక్కడ లేదు. గురునాథరావూ లేడు.

గంటన్నరకి తిరిగొచ్చి రామమోహనరావుని పెరట్లోకి లాక్కుపోయాడు. మొహం ఎర్రగా ఉంది. "తెల్ల పొడి," అన్నాడు. "కవర్లో కట్టి గుమ్మం దగ్గర పెట్టాడు. ఎవడో వచ్చి పట్టుకుపోడానికి. ఎంత పెద్ద సరుకు అనుకున్నావు. రుచి చూశాను."

"తిన్నావా?"

"పరిశోధకుడన్నవాడు నాలికతోనే సగం కేసు తేలుస్తాడు. ఉప్పగా ఉంది. అంటే కల్తీ చేశారన్నమాట. నిర్ధారణ కోసం గోపాలం దగ్గరికి పట్టుకెళ్లాను."

గోపాలం హోమియో డాక్టరు. ఆయన ఆ పొడి చూసి ఏమన్నాడని రామమోహనరావు అడిగాడు.

"గోడ ఉప్పు అన్నాడు. ఎంత తిన్నావని అడిగాడు. మూడు చిటికెలన్నాను. రెండు రోజులు మజ్జిగ తాగమన్నాడు." గురునాథరావు గొంతు తగ్గించాడు. "నలభై ఏళ్ల స్నేహం. గోపాలం కూడా ముఠాలో ఉంటాడని కల్లో కూడా అనుకోలేదు."

మూడో రోజు వ్యవహారం ముదిరింది. దుర్గారావు ఉలి పెట్టి గోడలో ఉన్న సన్నటి చీలికని తవ్వి వెడల్పు చేస్తున్నాడు. వెంట్రుకంత ఉన్న గీత వేలెడు కాలవైంది. అంచుల్ని లోపలికి ఏటవాలుగా చెక్కుతున్నాడు, పైన సన్నంగా, లోపల వెడల్పుగా.

గురునాథరావు ఇక ఆగలేకపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని అతని ముందుకెళ్లి నిలబడ్డాడు. "చీలిక మూయడానికి పిల్చారా, పెంచడానికి పిల్చారా?"

"పెంచితేనే మూయగలం సార్. పైపైన పూస్తే కొత్త మాల్, అదే సిమెంటూ ఇసకా కలిపింది, పట్టుకోడానికి చోటుండదు. లోపల వెడల్పుంటే పళ్లతో కరిచినట్టు పట్టుకుంటాది. ముందు వదులుగా ఉన్నదంతా పోవాలి."

"ఆధార్ కార్డుందా?"

దుర్గారావు ఉలి దించాడు. "ఏటి సార్?"

"ఆధార్ కార్డు. పోయిన నెల పదో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కడున్నావు? ఈ ఇంట్లో ఎవరి దగ్గర ఎంత బంగారం ఉందని నీకెవరు చెప్పారు?"

దుర్గారావు ఉలి తుడిచి సంచీలో పెట్టాడు. తాపీ పెట్టాడు. బ్రష్షు పెట్టాడు. తొందరేమీ లేకుండా, ఒక్కొక్కటే. తరవాత గురునాథరావుని కాదు, రామమోహనరావుని చూసి మాట్లాడాడు.

"మా నాన్న కూడా ఈ ఊరికి కూలికే వచ్చాడు సార్. ప్లాంటులో ఫర్నేసు లోపల ఇటికలు పేర్చిన మనిషి. ఆయన్ని ఎవరూ ఇలా అడగలేదు. ఇరవై ఏళ్లయి నేను మనుషుల ఇళ్లల్లో తిరుగుతన్నాను. బీరువా తలుపు తీసి ఉంటే ముందు అది వేసి పని మొదలెడతాను. ఇంకో మేస్త్రీని చూసుకోండి."

రామమోహనరావు గేటు దాకా అతని వెనకాలే వెళ్లాడు. గురునాథరావుని కేకలెయ్యాలని ఉంది, నోరు రాలేదు. "దుర్గారావూ, ఆయన మాటలు పట్టించుకోకు. ఆయన అందర్నీ అంతే. వాళ్ల అల్లుణ్ణి కూడా పెళ్లయిన పదేళ్ల దాకా వేరే మనిషేమోనని అనుమానించాడు," అన్నాడు. అది బతిమాలడమో క్షమాపణో ఆయనకే తెలీలేదు.

దుర్గారావు చాలాసేపు గేటు మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. చివరికి, "అమ్మగారి కోసం వస్తాను," అని లోపలికొచ్చి, పైనున్న ఇంకో చీలికకి అడ్డంగా సన్నటి కాగితం ముక్క అంటించి, దాని మీద పెన్సిలుతో '17' అని రాశాడు. "పదిహేడు దాకా ఆగుదాం సార్. కాయితం చిరిగితే గోడ ఇంకా కదుల్తందని మతలబ్. ఇంకో సంగతి. నీరు ఎక్కణ్ణుంచి వస్తందో తేలేదాకా నేను మాల్ ముట్టను. ఈ గోడ పొద్దున్నే ఎక్కువ తడిగా ఉంటంది. నల్లా నీళ్లు వచ్చే టైముకి వచ్చి చూడాలి."

అతను వెళ్లిపోయాక గురునాథరావు తలుపు చాటు నుంచి బయటికొచ్చి ఆ కాగితం ముందు భూతద్దం పట్టాడు. "పదిహేడు," అన్నాడు. "ముహూర్తం కూడా రాసి పెట్టేశారు. వీళ్ల తెగింపు చూడు."

ఆ మాటకి రుజువు ఆయనకి ఆ సాయంత్రమే దొరికింది. దుర్గారావు పక్కింటి గేటు దగ్గర జ్ఞానప్రసూనతో మాట్లాడుతుంటే, గన్నేరు చెట్టు వెనక నిలబడి విన్నాడు. విన్నది విన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించి రామమోహనరావుకి చదివి వినిపించాడు.

"'పదిహేడో తారీఖు, పొద్దున్న ఏడు. మీరు అటునుంచి తెరవండమ్మా, నేను ఇటునుంచి చూసుకుంటాను. పక్కింటోళ్లకి ముందే చెప్పకండి, మళ్లీ గొడవైపోతాది.' ఇవి నేరస్థుడి నోటంట వచ్చిన మాటలు. ఆవిడ ఏమందో తెలుసా? 'అలాగే బాబూ, నాకూ ఈ వ్యవహారం తేలిపోతే బాగుణ్ణు,' అంది. సొరంగం, రామ్మోహనూ. ఆవిడ అటునుంచి, వాడు ఇటునుంచి. కుముదిని చెల్లెమ్మ వాకింగులో ఉండే వేళ చూసుకుని మరీ పెట్టుకున్నారు."

రామమోహనరావుకి విషయం వెంటనే అర్థమైంది. అటువైపు కుళాయిలన్నీ తెరిచి, ఇటువైపు చెమ్మ పెరుగుతుందేమో చూస్తారు. అంతకంటే ఏమీ లేదు. ఆ మాట గురునాథరావుకి చెప్పెయ్యొచ్చు. కానీ ఆయన మనసులో ఓ మూల చిన్న ఆశ మెదిలింది. పక్కింటి బాత్రూమే కారుతోందని తేలితే, ఎనిమిది నెలల కిందట తను చెప్పిందే నిజమవుతుంది. కుముదిని ముందు తన మాట నిలబడుతుంది. అందుకని ఆయన ఏమీ అనలేదు. పైగా వద్దనలేని జబ్బు ఎలాగూ ఉండనే ఉంది.

పదిహేడో తారీఖు ఉదయం, కుముదిని వాకింగుకి వెళ్లాక, ఆరూ నలభైకి గురునాథరావు వచ్చాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నిఘాకి చోటు కావాలి," అని హాలంతా కలియజూసి, పాత దుప్పటి కప్పిన సోఫా దగ్గర ఆగాడు. దుప్పటి ఎత్తి లోపల దూరి, మోకాళ్లు గుండెకానించుకుని కూర్చుని, మళ్లీ కప్పేసుకున్నాడు.

"ఎలా ఉన్నాను?" అని దుప్పటి అడిగింది.

"సోఫా మీద ఎవరో కూర్చున్నట్టుంది," అన్నాడు రామమోహనరావు నిజాయితీగా.

"అది నీకు తెల్సు కాబట్టి కనపడతంది."

ఏడింటికి దుర్గారావు వచ్చాడు. ముందు ఆ కాగితం ముక్కని చూశాడు. చిరగలేదు. "గోడ కదలడం లేదు, మంచిదే," అని, నీళ్ల బక్కెట్టు కింద పెట్టి, గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నల్లా వచ్చింది. వీధంతా బిందెల చప్పుడు. అటునుంచి కుళాయిలు తిప్పిన శబ్దం వినబడింది. ఐదు నిమిషాలైంది. పదైంది.

అప్పుడు ఎనిమిది నెలల్లో మొదటిసారి జ్ఞానప్రసూన ఆ గుమ్మం ఎక్కింది. మోకాలి మీద చెయ్యేసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, రామమోహనరావు వైపు చూడకుండా, "అన్నీ తెరిచాను బాబూ. బాత్రూమ్‌లో, వంటింట్లో, పెరట్లో కూడా. మా వైపు గోడ పొడిగానే ఉంది. నువ్వే వచ్చి చూడు," అంది.

సరిగ్గా అదే నిమిషానికి కుముదిని వాకింగు ముగించుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కుముదిని చెప్పులు విప్పడం మర్చిపోయింది. రామమోహనరావు కుర్చీ కోసం చూశాడు. కుర్చీలన్నీ పని కోసం వరండాలో పేర్చి ఉన్నాయి. మెట్లెక్కిన ఆయాసంతో జ్ఞానప్రసూన, "ఒక్క క్షణం కూర్చుంటాను," అని వెనక్కి జరిగి సోఫాలో కూర్చుంది.

సోఫా "అమ్మో" అంది.

జ్ఞానప్రసూన ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని అదుపులో పెట్టిన మనిషి. మామూలుగా దేనికీ బెదరదు. కానీ సోఫా మాట్లాడ్డం ఆవిడ అనుభవంలో లేదు. మోకాలి నొప్పి మర్చిపోయి ఒక్క గెంతు గెంతింది. ఆవిడ బరువు తగ్గగానే సోఫాలోంచి గులాబీ పువ్వుల దుప్పటి ఒకటి నిలువునా లేచి, "ఎవరూ కదలొద్దు, ఇంటి చుట్టూ మనవాళ్లున్నారు," అని అరుస్తూ ముందుకి ఉరికింది. దుప్పటికి కళ్లు లేవు. లోపలున్న నల్లద్దాల వెనక కళ్లకీ ఏమీ కనపడలేదు. కుడికాలు దుర్గారావు బక్కెట్లో దిగింది. ఆ బక్కెట్టుతోనే రెండడుగులు వేసి, మూడో అడుగు వేసే వీల్లేక, గురునాథరావు తన ఎనభై రెండు కిలోల బరువుతో భుజం ముందుపెట్టి, సుద్దతో గీసిన అతిపెద్ద సున్నా నడిమధ్యకి వెళ్లి పడ్డాడు.

గోడ పెద్దగా అడ్డు చెప్పలేదు. తలుపంత మేర ప్లాస్టరు ఒక్కసారిగా విడివడి ఆయన మీదకి జారింది. దుమ్ము లేచింది. దుమ్ము కాస్త అణిగేసరికి, నేల మీద పెంకుల కుప్పా, దాని మధ్య తెల్లగా ఒక తలకాయా కనబడ్డాయి. ఆ తలకాయ మీద సన్నగా, చక్కగా, పిచికారీ కొట్టినట్టు నీళ్లు పడుతున్నాయి.

నీళ్లు వస్తున్నది గోడలోంచి. ఇటుకల మధ్య నుంచి తుప్పు పట్టిన పైపు ముక్క ఒకటి బయటికి చూస్తోంది. తుప్పు దాని మూతిని తినేసింది. పక్క నుంచి ధార.

దుర్గారావు ముందుగా వెళ్లి చూశాడు. "సార్, ఇక్కడ పైపేటి? ఇది అటు ఇంటి బాత్రూమ్‌ది కాదు. మీ నల్లా లైన్ నుంచే వస్తంది."

రామమోహనరావు దగ్గరికెళ్లాడు. ఆ పైపుని చూసిన మరుక్షణం ఆయన చెవులు వేడెక్కాయి.

ఇళ్లు కట్టే రోజుల్లో ముందు ఒక్క నల్లా కనెక్షనే వచ్చింది. రెండోది రావడానికి ఏడాది పడుతుందన్నారు. లక్ష్మీప్రసాదూ తనూ ఓ ఆదివారం కూర్చుని, గోడలోంచి పైపు వేసి ఇద్దరూ వాడుకుందామనుకున్నారు. నక్షా తనే గీశాడు. ఆ గీత పక్కన 'తాత్కాలికం' అని తన చేత్తోనే రాశాడు. ఏడాది తరవాత రెండో కనెక్షన్ వస్తే, పైపు తీయడం ఎందుకులే అని మూతి బిగించి పైన ప్లాస్టరు పూయించేశాడు. ఆ తాత్కాలికం ముప్పై రెండేళ్లు గోడలో నిలబడింది.

ఎవడో పాత ప్లంబరు చేసిన పని అని చెప్పెయ్యొచ్చు. ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ ఆరేళ్ల కిందట పోయాడు. గొంతులోకి ఆ మాట వచ్చింది కూడా. జ్ఞానప్రసూన ఆ పైపుని చూస్తూ కొంగుతో కళ్లజోడు తుడుచుకోవడం చూసి, మింగేశాడు.

"ఇది నేను గీసిన పైపే," అన్నాడు. "లక్ష్మీప్రసాదూ నేనూ వేశాం. నేనే మర్చిపోయాను. మీ బాత్రూమ్ అన్నది కూడా నేనే. కుముదినిది తప్పేం లేదమ్మా. నా మాట నమ్మి వచ్చి అడిగింది."

కుముదిని ఆయన్ని ఒక చూపు చూసింది. ఆ చూపుకి రాత్రి దాకా సమాధానం చెప్పుకోవాలని రామమోహనరావుకి తెలుసు. ఆవిడ బయటికెళ్లి నల్లా వాల్వు కట్టేసి వచ్చింది. ధార ఆగిపోయింది. తరవాత జ్ఞానప్రసూన దగ్గరికెళ్లి, "మోకాలు ఎలా ఉంది వదినా?" అంది.

"నొప్పిగానే ఉంది. ఆరున్నరకి తోడెవరూ ఉండరు. పార్కు మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చేస్తున్నాను."

"ఆరింటికీ ఎవరూ ఉండరు," అంది కుముదిని.

పెంకుల కుప్పలోంచి గురునాథరావు లేచాడు. కాలికి బక్కెట్టు ఇంకా ఉంది. మీసం తెల్లగా ఉంది. "చూశావా రామ్మోహనూ," అన్నాడు. "గోడలో ఏదో ఉందని మొదటిరోజే చెప్పాను. అందరూ నేను పడ్డాననుకుంటారు. పడలేదు. సరిగ్గా ఎక్కడ పడాలో లెక్క కట్టుకుని వెళ్లి పడ్డాను. కేసు తేలిపోయింది."

"ఒక రోజు పని తగ్గించారు సార్," అన్నాడు దుర్గారావు. "గాని, గట్టిగా ఉన్నది కూడా రెండడుగులు ఊడదీశారు. ఇంటూ పెట్టింది ముట్టొద్దనే."

"గురునాథం," అన్నాడు రామమోహనరావు. గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. "ముందు దుర్గారావుకి క్షమాపణ చెప్పు."

"పరిశోధనలో అనుమానించడం అనేది ఒక..."

"చెప్పు."

గురునాథరావు ముప్పై ఏళ్లుగా ఎరిగిన స్నేహితుణ్ణి కొత్తగా చూశాడు. బక్కెట్టులోంచి కాలు తీసుకోవడానికి ప్రయత్నించి, అది రాక, అలాగే నిలబడి, "ఏం అనుకోకు భాయ్, తప్పయిపోయింది," అన్నాడు. దుర్గారావు తలూపి, వంగి ఆ బక్కెట్టు పట్టుకుని లాగాడు. కాలు వచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయింది.

పైపు మొత్తం తీసేయడానికి నడిమి గోడలో రెండు ఇటుకలు ఊడదీయాల్సి వచ్చింది. ఇటు హాల్లోంచి అటు జ్ఞానప్రసూన భోజనాల గదిలోకి, పుస్తకం పట్టేంత కన్నం మిగిలింది. దుర్గారావు తొందరపడలేదు. ఇటుకల సందుల్లో వదులుగా ఉన్న సున్నమంతా గీకి తీశాడు. మళ్లీ పూసిన ఉప్పుని మళ్లీ దులిపాడు. ఊడిన అంచులు గట్టిగా ఉన్నంత వరకూ చెక్కుకుంటూ వెళ్లి సరిచేశాడు. ఫ్యాన్ పెట్టి, పన్నెండు రోజులు గోడని ఆరనిచ్చాడు. "ఇప్పుడు తొందరపడితే మళ్లీ వచ్చే ఏడు నన్నే పిలుస్తారు," అన్నాడు.

గురునాథరావు ఆ పన్నెండు రోజులూ ఉప్మా తింటూ కేసు వివరాలు వచ్చేపోయేవాళ్లకి చెప్పాడు. నాలుగో రోజుకి ఆయన కథలో పైపు తుపాకీ గొట్టంలా కనబడ్డం మొదలెట్టింది.

పదమూడో రోజు పొద్దున్న దుర్గారావు మాల్ కలిపాడు. గోడని బ్రష్షుతో దులిపి, నీళ్లు చల్లి, కారకుండా తడిపాడు. రెండు ఇటుకలు తడిపి పక్కన పెట్టుకున్నాడు. కన్నం చుట్టూ మాల్ పట్టించి, తాపీతో అంచు దిద్ది, మొదటి ఇటుక చేతిలోకి తీసుకున్నాడు.

కన్నంలోంచి ఒక స్టీలు గిన్నె బయటికొచ్చింది. దాని వెనకాల జ్ఞానప్రసూన చెయ్యి.

"బాబూ, ఇది కాస్త వదినకి అందించు. వేడిగా ఉంది, జాగ్రత్త."

దుర్గారావు ఇటుక దించి గిన్నె అందుకున్నాడు. కుముదిని వంటింట్లోంచి వచ్చి మూత తీసి వాసన చూసింది. "గోంగూర. ఆగు వదినా, ఖాళీ గిన్నె ఎలా ఇస్తాను," అని మళ్లీ లోపలికెళ్లింది. అటునుంచి జ్ఞానప్రసూన, "నిదానంగానే కానివ్వు, నేనిక్కడే కూర్చుంటాను," అంది. కుర్చీ జరిపిన చప్పుడైంది.

దుర్గారావు ఇటుక వైపూ, బొచ్చెలో గట్టిపడుతున్న మాల్ వైపూ చూశాడు. తాపీ కడిగి సంచీలో పెట్టుకుంటూ రామమోహనరావుతో, "రేపొస్తాను సార్," అన్నాడు.